సుబ్బరామి మూడో చూపు

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన మరుసటేడు, ఒక ఇంజనీరింగు కాలేజీలో డ్రాయింగు మాస్టరు మోక సుబ్బరామి గీసిన కాగితాన్ని నలభై రెండు మంది ఎదుట నిలువునా చింపి, ఆ ముక్కలను తలకిందులుగా పట్టుకొని, "మీ ఊళ్ళో నెత్తిని కాళ్ళ కింద పెట్టుకొని నడుస్తారా?" అని అడిగాడు. నలభై రెండు మందీ నవ్వారు. ఆ నవ్వు చెవిన పడినప్పటి నుంచి సుబ్బరామికి ఒక అలవాటు పట్టుకుంది. వస్తువు గానీ మనిషి గానీ, ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి చూడనిదే నమ్మడు. ముందు నుంచీ పక్క నుంచీ ఎవరైనా చూస్తారు. ఊరికి తంటా తెచ్చింది మూడో చూపు. దానికోసం అతను ఎక్కని మిద్దె లేదు, అడిగి తెచ్చుకోని నిచ్చెన లేదు, దిగేటప్పుడు పడని చోటు కూడా లేదు.

ఇంతకూ ఆ కాగితంలో తప్పేమిటంటే, తప్పేమీ లేదు. మెకానికల్ ఇంజనీరింగు చదివేవాడు మొట్టమొదట నేర్చుకోవలసింది ఒక యంత్రభాగాన్ని మూడు వైపుల నుంచి చూసి మూడు బొమ్మలుగా గీయడం. ముందు నుంచి చూసిన బొమ్మ మొదట గీస్తారు. పై నుంచి చూసిన బొమ్మను దాని కింద గీయాలా, దాని మీద గీయాలా అన్నదానికి లోకంలో రెండు పద్ధతులున్నాయి. సుబ్బరామి మొదటి ఏడు చదివిన కాలేజీలో కింద గీయమన్నారు. జిల్లా చేతులు మారాక "నువ్వు మావాడివి కాదు" అని వాళ్ళు పంపించేశారు. వచ్చి చేరిన కాలేజీలో మీద గీయాలి. ఆ సంగతి చెప్పే నాథుడు లేక అతను కింద గీశాడు. సరిహద్దు గీత పటంలో గీసినవాళ్ళెవరో గానీ, ఆ గీత తిన్నగా వచ్చి అతని డ్రాయింగు బోర్డు మీద పడింది.

"ఏది ఒప్పు సార్?" అని అడిగాడు సుబ్బరామి, ముక్కలు ఏరుకుంటూ.

"రెండూ ఒప్పే. ఇక్కడ మాత్రం మీద పెట్టడం ఒప్పు."

"రెండూ ఒప్పయితే నాది తప్పెట్లయితాది సార్?"

మాస్టరు దగ్గర దీనికి జవాబు లేదు, సున్నా ఉంది. సుబ్బరామి దగ్గర మొండితనం ఉంది. వరసగా మూడు పరీక్షల్లోనూ పై చూపును కిందే పెట్టాడు. మూడో సున్నా తర్వాత కాలేజీ పట్టీలో పేరు కొట్టేశారు. గీతలు గీసే టీ స్క్వేరు చంకలో పెట్టుకొని వచ్చి సొంతూరు మోకలో బస్సు దిగాడు. ఎవరడిగినా "చదువైపోయిందప్పా" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

అప్పటికి కోదండరామికి పదిహేనేళ్ళు. సుబ్బరామి అతనికి వరసకు మేనమామ. కోదండరామి దొరికిన కాగితమల్లా చదివే రకం. బెల్లం పొట్లం విప్పితే బెల్లం పక్కన పెట్టి పొట్లం చదివేవాడు. అలాంటివాడికి టీ స్క్వేరూ, కంపాసు పెట్టే, లావాటి ఇంగ్లీషు పుస్తకాలూ ఉన్న మామ దొరికాడు. మామ అతనికి మొదట దేవుడయ్యాడు, తర్వాత శని అయ్యాడు. ఆ రెంటికీ మధ్య ఆరేళ్ళు పట్టింది.

మోకలో బస్సులు ఆగేచోట గాళెప్ప హోటలు. జింకు రేకుల కప్పు, రెండు బల్లలు, తీరికున్న పదిమంది. ఒకరోజు పొద్దున సుబ్బరామి ముందుకు దోసె వచ్చింది. ముందు నుంచి చూశాడు. స్టూలెక్కి పై నుంచి చూశాడు. తర్వాత కిందికి దిగి, గడ్డం బల్ల అంచుకు ఆనించి, ఒక కన్ను మూసి పక్క నుంచి చూశాడు. చాలాసేపు చూశాడు.

"యాకప్పా, దోసెలో ఏమన్నా పడిందా?" అన్నాడు గాళెప్ప.

"ఏం పడలేదప్పా. పైనించి చూస్తే దోసె ఉండాది. పక్కనించి చూస్తే లేదు."

"లేకపోయేదేంది?"

"నీ దోసెకు రెండు చూపులే ఉండాయి గాళెప్పా. మూడోది నువ్వు మిగుల్చుకుంటాండావు."

ఆ నెలంతా హోటలుకు వచ్చినవాడల్లా "పక్క చూపుండే దోసె ఒకటి వెయ్యప్పా" అని అడగడమే. గాళెప్ప పిండి కొంచెం చిక్కగా పోయక తప్పలేదు.

సంతలో ఎనుమును కొనడానికి వెళ్ళి, పక్కనున్న ఎద్దులబండి మీదికెక్కి నిలబడ్డాడు. "పైనించి చూస్తే అచ్చం వీణ మాదిరి ఉండాదప్పా" అన్నాడు మెచ్చుకోలుగా. "ఇంతకీ నీకు పిండుకునేదానికి కావల్నా, వాయించుకునేదానికి కావల్నా?" అన్నాడు అమ్మేవాడు. ఇంకోరోజు బడి మిద్దె ఎక్కాడు. దిగే దారి తెలియక పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంటే ఊరంతా కిందచేరి తలా ఒక సలహా ఇచ్చింది. ఎప్పుడు ఎందుకు ఎక్కుతాడో ఎవరికీ అంతు పట్టలేదు. కొన్నాళ్ళకు అంతు పట్టించుకోవడం కూడా మానేశారు. నవ్వుకోవడానికి మనిషి దొరికితే చాలు, కారణాలు ఎవడిక్కావాలి.

ఆ మిద్దెలు ఎక్కని రోజుల్లో కోదండరామికి డ్రాయింగు నేర్పాడు. రోకలి, కవ్వం, కొడవలి, తన తల్లి తిమ్మమ్మ పడుకునే మంచం, అన్నీ మూడు చూపుల్లో కాగితమెక్కాయి. వస్తువు లోపల ఏముందో చూడాలంటే సగానికి కోసినట్టు ఊహించి గీయాలని చెప్పడానికి ఒక ఎర్రగడ్డను కోసి ముందు పెట్టాడు.

"దీన్ని సెక్షన్ అంటారు. గీయి."

"కండ్లు మండుతాండాయి మామా."

"మండనీ. ఇంజనీరింగులో మొదటి ఏడుపు ఇదే."

మొదటిదన్నాడు గానీ, ఎన్నోదాకా ఉంటుందో చెప్పలేదు. కవ్వానికీ ఎర్రగడ్డకూ అన్నింటికీ పై చూపు కిందే. పదిహేనేళ్ళ చేతికి అది అన్నం కలుపుకోవడమంత అలవాటయింది.

కొడుకు ఇలా పైకెక్కడం మానాలంటే కాళ్ళకు పెళ్ళి కట్టడమే దారి అనుకుంది తిమ్మమ్మ. సండూరు తాలూకా బండ్రిలో నాగలక్ష్మమ్మ అనే పిల్ల ఉందని తెలిసింది. మధ్యవర్తి సుబ్బరామిని ఇంజనీరని చెప్పాడు. పిల్లకు ఎడమకాలు కొంచెం ఈడుస్తుందనీ, అప్పటికే నలుగురు వచ్చి చూసి పోయారనీ మాత్రం చెప్పలేదు. అబద్ధాలు రెండువైపులా సమానంగా పంచాడు. తోడుగా కోదండరామి కూడా వెళ్ళాడు.

పిల్ల కాఫీ గ్లాసుల పళ్ళెంతో నడిచి వచ్చింది. అడుగుకొకసారి గ్లాసులు గలగలమన్నాయి. తిమ్మమ్మ మొగం ముడుచుకుంది. పిల్ల తండ్రి అది చూసి నేల చూపులు చూస్తూ, "చూసినావు కదప్పా, ఏమంటావు?" అన్నాడు సుబ్బరామితో.

"ఒక చూపే కదా అయింది. పెళ్ళిచూపులు అంటిరి. ఒకటే అయితే పెళ్ళిచూపు అందురు. నావి ఇంకా రెండు బాకీ ఉండాయి."

"అర్థం కాలేదప్పా."

"అటక యాడుండాది?"

తమాషా అనుకొని పిల్ల తండ్రి అటక వైపు చూపించడమే తప్పయింది. సుబ్బరామి పంచె ఎగగట్టి, జొన్నల గాదె మీద కాలు మోపి, అటక మీదికి పాకాడు. "ఇట్ల ఈ పక్కకు రామ్మా" అని పిల్లను పిలిచాడు. పిల్ల అటక కిందికి వచ్చింది. అతను తల వేలాడేసి ఏదో గొణిగాడు. దానికి ముహూర్తం పెట్టినట్టుగా చింతపండు కుండ ఒకటి జారి తిమ్మమ్మ ఎదుట పడి పగిలింది. ఇల్లంతా కేకలు. ఆ కేకల మధ్య నాగలక్ష్మమ్మ తలెత్తి, అందరికీ వినపడేటట్టు అంది:

"నాయనా, నాకు ఈ పిల్లోడు వద్దు."

తిమ్మమ్మ పన్నెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. బండ్రిలో మాత్రం నాగలక్ష్మమ్మ పేరు మారిపోయింది. కాలీడ్చే పిల్ల అనేవాళ్ళంతా "ఇంజనీరును వద్దన్న పిల్ల" అనడం మొదలుపెట్టారు. సండూరు గనుల నుంచి రాళ్ళు తోలే లారీ నడుపుతూ కోదండరామి అన్న వెంకటరామి ఆ మాట విన్నాడు. రెండు నెలల్లో తనంతట తానే వెళ్ళి అడిగాడు. "ఇంజనీరునే వద్దన్న పిల్ల నన్ను సరేనన్యాది. ఇంకేం కావాలప్పా" అని ఇప్పటికీ అంటుంటాడు. అలా నాగలక్ష్మమ్మ కోదండరామికి వదిన అయింది.

ఆ తర్వాత రెండేళ్ళకు కోదండరామి అదే కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగులో చేరాడు. మాస్టరు మారాడు గానీ పద్ధతి మారలేదు. క్లాసులో చూసి గీస్తున్నంతసేపూ పై చూపు మీదే ఉండేది. పరీక్ష హాల్లో గడియారం ముల్లు కదలడం మొదలయ్యేసరికి చేయి తనంతట తాను కిందికి పోయింది. గీశాక చూసుకున్నాడు. చెరపడానికి వేళ లేదు.

బళ్ళారిలో పేపరు కొని చూస్తే తన నంబరు లేదు. పేపరు మడిచి బస్సులోనే వదిలేసి మోకలో దిగాడు. ఎదురుగా గాళెప్ప హోటలు. పదిమందీ ఉన్నారు.

"ఏమప్పా కోదండరామీ, రిజల్టు వచ్చిందంట కదా. ఏనాయ్తు?" అన్నాడు గాళెప్ప.

సరిగ్గా అప్పుడే సుబ్బరామి బస్సు వెనక నిచ్చెన పట్టుకొని పైకి పోతున్నాడు. "గాళెప్పా, నీ హోటలు పై చూపు నేను ఇంతవరకు చూడనే లేదు" అన్నాడు టాపు మీద నుంచి. డ్రైవరు చూసుకోకుండా బండి కదిలించాడు. కోళ్ళగంపల మధ్య పంచె జెండా మాదిరి ఎగురుతుండగా సుబ్బరామి బళ్ళారి గాంధీనగర్ దాకా వెళ్ళి, మళ్ళీ అదే బస్సులో, ఈసారి లోపల కూర్చొని వచ్చాడు. మూడు నెలలు ఊరికి అదే మాట. కోదండరామి సంగతి ఎవరికీ గుర్తే రాలేదు. అందుకు అతను సంతోషించాడా అంటే, లేదు. ఫేలైనవాడికి కూడా ఈ ఊళ్ళో మర్యాద లేదనుకొని కుమిలిపోయాడు.

రెండోసారి భయం పట్టుకుంది. ఒక లెక్కలో పై చూపు మీద పెట్టాడు, ఇంకో లెక్కలో తెలియకుండానే కింద పెట్టాడు. ఏ పద్ధతిలో చూసినా అది తప్పే. మళ్ళీ నంబరు లేదు, మళ్ళీ మోక బస్సు, మళ్ళీ ఆ పదిమంది. గాళెప్ప "ఏమప్పా..." అంటూ నోరు తెరిచాడో లేదో, ఫెళఫెళమని రేకు ఒకటి వంగి, కప్పు మీద నుంచి సుబ్బరామి హోటల్లోకి దిగాడు. పడింది మైదాపిండి బస్తాల మీద. నిలువెల్లా తెల్లగా లేచి కూర్చొని, "లోపలి చూపు కూడా అయిపాయ" అన్నాడు.

"హౌదప్పా, నాలుగోది కనిపెట్టినావు" అన్నాడు గాళెప్ప, రేకు వైపు చూస్తూ.

నవ్వులు ఆగాక తెలిసింది, కుడికాలి మడమ విరిగిందని. వెదురుబద్దలతో కట్టు కట్టారు. కట్టుతో మంచంలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళి కోదండరామి అనవలసిన మాటా అనరాని మాటా అన్నీ అన్నాడు.

"మామా, నువ్వు నేర్పిన విద్యే నన్ను ముంచింది. నా చేయి నా మాట వినదు, నీ మాట వింటాది. నిన్ను చూసి ఊరు నవ్వేది చాలక, నీ శిష్యుడని నన్ను చూసి కూడా నవ్వల్లనా? ఇంగ నా ఎదురుగా నువ్వు యాడా ఎక్కొద్దు."

సుబ్బరామి అతన్ని ముందు నుంచి చూశాడు. పక్క నుంచి చూడలేదు, పై నుంచి చూడలేదు.

"సరేలే అల్లుడా" అన్నాడు.

మూడోసారే ఆఖరు అని కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇది కూడా పోతే పట్టీలో పేరుండదు. సోమవారం మధ్యాహ్నం పరీక్ష. అంతకు పదకొండు రోజుల ముందు నుంచి కోదండరామి గది దాటి బయటికి రాలేదు. పరీక్షంటే భయం కాదు. ఇంటి నుంచి బస్సు దగ్గరికి రెండు వందల పది అడుగులు. నూట డెబ్బయ్యో అడుగు దగ్గర గాళెప్ప హోటలు. దేశమంతా ఆనకట్టలు లేస్తున్నాయనీ, ఫ్యాక్టరీలు వస్తున్నాయనీ, వేలమంది ఇంజనీర్లు కావాలనీ పేపర్లో రోజూ చదివేవాడు. ఆ దేశానికీ తనకూ మధ్య ఒక హోటలు అడ్డముంది. దేశమేమో అడ్డం తీయదు, తానేమో దాటలేడు. ఊరవతల లోతు కాలువ గట్టుకు వెళ్ళే దారి హోటలు ముందు నుంచి పోదు, ఆ దారికున్న సుఖం అదొక్కటే అని కూడా ఒకరోజు అనుకున్నాడు. అనుకొని చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నాగలక్ష్మమ్మ సంగటి ముద్ద తెచ్చి పెట్టింది. ముట్టలేదు.

"రేపు పొద్దున బస్సుకు పోవల్ల గదా?"

"పోను వదినా."

"పోకపోతే?"

"పోకపోతే ఫేలయ్యేది ఉండదు."

ఆమె తలుపు దగ్గరగా వేసి వచ్చి గడప పక్కన కూర్చుంది. "కోదండా, బండ్రిలో ఆయప్ప అటక మీదినించి నాకేం చెప్పినాడో తెల్సునా?"

"ఇంకో పక్కకు తిరుగమన్యాడేమో."

"'అమ్మా, నాకు డిగ్రీ లేదు, పని లేదు. వీండ్లు నీతో అబద్ధం చెప్పినారు. నలుగురు వచ్చి పోయినారని వాకిట్లో వింటి, నేనూ వద్దని పోతే నీకు ఐదోవాన్ని అయితా. నువ్వే వద్దను. గట్టిగా అను, అందరికీ వినపడల్ల' అన్యాడు. కుండ కూడా జారలేదప్పా. తోసినాడు."

కోదండరామి సంగటి పళ్ళెం పక్కకు జరిపి ఆమె వైపు తిరిగాడు.

"మన వీధి హొన్నమ్మ కూతురు మొగుణ్ణి వదిలేసి పెట్టె నెత్తిన పెట్టుకొని వచ్చిన దినం జ్ఞాపకముండాదా? ఆ దినం ఆయప్ప యాడెక్కె?"

"బడి మిద్దె."

"ఊరంతా ఆడికి ఉరికె. ఆ పిల్ల ఇంట్లోకి పోయేది ఎవురూ చూడలేదంట. నువ్వు మొదటిసారి ఫేలయిన దినం?"

"బస్సు."

"రెండోసారి?"

కోదండరామికి రేకు వంగిన చప్పుడు మళ్ళీ విన్నట్టయింది.

"ఊరికేనే ఎక్కే దినాలూ ఉండాయిలే. దోసె కోసం ఎక్కినాడంటే అది పిచ్చే" అంది ఆమె. "కానీ మడమ విరగ్గొట్టుకునేది పిచ్చి కాదు."

"అయితే ఇప్పుడు నన్నేం చేయమంటావు?" అన్నాడు. గొంతులో కోపమే ఉంది. ఎవరి మీదో తెలియని కోపం.

"నన్నడిగితే ఏం చెప్పేది. నలుగురు నన్ను వద్దని పోతే నోరు మూసుకొని ఉంటి. ఐదోసారి నా నోటితో నేను ఒక మాట అంటి. అంతే, ఆ పొద్దునించి నా కాలు సంగతి ఎవురూ ఎత్తలే. నీది కూడా ఎవురో అడిగేదాకా ఎందుకు, నువ్వే చెప్పు పో." లేస్తూ గొంతు తగ్గించింది. "ఈ అటక సంగతి మీ అన్న చెవిన వెయ్యాకు. ఇంజనీరును వద్దన్న పిల్ల అని ఇంకా పొగరుగా తిరుగుతాండాడు."

సోమవారం పొద్దున కోదండరామి డ్రాయింగు బోర్డు చంకలో పెట్టుకొని బయటికి వచ్చాడు. అడుగులు లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాడు. నూట డెబ్బయి. బస్సు నిలబడి ఉంది. పదిమందీ ఉన్నారు. కర్ర ఊతంగా కుంటుకుంటూ సుబ్బరామి అవతలి వీధి నుంచి వస్తున్నాడు. కట్టు విప్పినా మడమ వంకరగానే అతుక్కుంది.

"ఏమప్పా కోదండరామీ..." అన్నాడు గాళెప్ప, చేతిలో గ్లాసు తుడుస్తూ.

అంతే, సుబ్బరామి కర్ర వదిలేసి బస్సు నిచ్చెన అందుకున్నాడు. మూడో మెట్టు దగ్గర మడమ నిలవలేదు. రెండు చేతులతో వేలాడుతూ, కాలు కోసం మెట్టు వెతుక్కుంటూ, ఆరేసిన పంచె మాదిరి ఊగాడు. హోటల్లో నవ్వు మొదలైంది. కోదండరామి బోర్డు తీసుకెళ్ళి బస్సు మెట్టు మీద పెట్టాడు. వెనక్కి వచ్చి నిచ్చెన ఎక్కి, మామ నడుము కింద భుజం పెట్టి పైకి తోశాడు. తోసిన ఊపులో తానూ టాపు మీదికి చేరాడు. ఇద్దరూ కోళ్ళగంపల మధ్య పడ్డారు. కోళ్ళు ఊరందరికీ వినపడేటట్టు గోల చేశాయి.

కోదండరామి లేచి నిలబడ్డాడు.

"గాళెప్పా, రెండుసార్లు ఫేలైనా. డ్రాయింగులో. ఇప్పుడు మూడోసారి పోతాండా. ఇదీ పోతే ఇంగ లేదు."

కింద నవ్వు ఆగిపోయింది. కోళ్ళు కూడా ఆగాయి. గాళెప్ప తుడుస్తున్న గ్లాసుతో అలాగే నిలబడి, "నేనడగొచ్చింది అది కాదప్పా. టీ తాగి పోతావా అని" అన్నాడు.

ఆ పరీక్ష కోదండరామి రాశాడు. ముప్పై అయిదు కావలసిన చోట ముప్పై ఆరు వచ్చాయి. ముప్పై ఆరు మార్కులకు లోకం దారి తీసి నిలబడదు. పద్నాలుగు నెలలు అర్జీలు పెట్టి పెట్టి, చివరికి ఉత్తరాదిన భాష తెలియని ఊళ్ళో ఉద్యోగంలో చేరాడు. అతను పరీక్షలు ముగించుకొని వచ్చేలోపే, గనుల దగ్గర గీతలు గీసే మనిషి కావాలంటే సుబ్బరామి వెంకటరామి లారీ ఎక్కి సండూరు వెళ్ళిపోయాడు. లోపల చోటున్నా లోడు మీదెక్కి కూర్చున్నాడని అన్న చెప్పాడు. ఆ తర్వాత ఒకరు ఊరికి వచ్చినప్పుడు ఇంకొకరు లేరు. వాళ్ళు ఆఖరుసారి మాట్లాడుకుంది ఆ సోమవారం, ఆ బస్సు టాపు మీదే.

"నాకోసమే ఎక్కితివా మామా?" అన్నాడు కోదండరామి, పక్కన కూర్చుంటూ.

"నీకోసం ఎవురెక్కుతారప్పా. ఈ గంప పై చూపు చూద్దామని."

"వదిన అంతా చెప్పింది."

సుబ్బరామి పంచెకంటిన ఈకలు ఒక్కొక్కటే తీసుకున్నాడు. "ఆయమ్మకు నోరు జాస్తి. బండ్రిలోనే తెల్సె" అన్నాడు. చివరి ఈకను ఊదేసి, "ఇదో, ఈసారి పై చూపు మీదనే పెట్టు. రెండు లెక్కల్లోనూ" అన్నాడు.

"నువ్వు మూడుసార్లూ పెట్టకపోతివి గదా."

"పెట్టకపోతి గాబట్టే ఈడ కోళ్ళ నడుమ కూచున్నా. నీకేం ఖర్మ? చేయి కిందికి పోతే నన్ను తిట్టుకో. తిట్టుకొని మీద పెట్టు."

కోదండరామి తల వంచి కిందికి చూశాడు. హోటలు ముందు మనుషులు కదులుతున్నారు. రుమాళ్ళు, బట్టతలలు, ఒక బుట్ట.

"ఏం చూస్తాండావు?"

"ఎవురన్నా నవ్వుతాండారా అని."

"తెలీదప్పా. పైనించి చూస్తే మొగాలు కనపడవు. అన్నీ తలకాయలే. మరి నేనేం పిచ్చోన్నా, ఊరికే ఎక్కేదానికి?"

కింద కండక్టరు రేకు మీద చేత్తో బాదాడు. "పైన ఎవురప్పా, దిగండి, బండి పోతాది."

సుబ్బరామి కదల్లేదు. గంపకు వీపు ఆనించి, వంకర మడమను చేత్తో పట్టుకొని సర్దుకొని కూర్చున్నాడు.

"నువ్వు దిగప్పా కోదండా" అన్నాడు. "నీకు లోపల సీటుండాది. పోయి కూచో."